ప్రార్థనమ్మ చూసిన దయ్యాల సినిమా

"నీ వెంట ఎవరొచ్చారమ్మా?" అని సంఘ పెద్ద అడిగినప్పుడు ఆమె జవాబు చెప్పలేదు. చెప్పవలసింది నేను. పెద్దల వరసలో కూర్చుని, కాళ్ల కిందున్న చాపలో చిరుగు వైపు చూస్తూ నేనూ చెప్పలేదు. ఆ మాట నా గొంతులో ఎన్నాళ్లుందో, ఎలా బయటికొచ్చిందో చెబుతాను. కానీ ఇది రాయడానికి కారణం నా సంగతి కాదు, ఆమె సంగతి.

పోయిన నెలలో ఆమె కన్నుమూసింది. భూస్థాపన అయ్యాక పెట్టిన జ్ఞాపకార్థ కూడికకు బయటి ఊళ్ల నుంచి ఇద్దరు ప్రసంగీకులు వచ్చారు. లోక వినోదాల వైపు కన్నెత్తి చూడని తల్లి అని ఒకాయన అన్నాడు. రెండో ఆయనకు ఎవరో చెవిలో ఏదో ఊదినట్టున్నారు, ఆమె ఒక్కసారి తొట్రుపడిందనీ ప్రభువు లేవనెత్తాడనీ అన్నాడు. రెండూ తప్పే. ఆమె కన్నెత్తి చూసింది, అప్పుడే శుక్లాలు తీయించుకున్న కళ్లతో చూసింది. తొట్రుపడలేదు, ఈల వేసింది. ఆ ఈల వేసినప్పుడు పక్క సీట్లో ఉన్నది నేను.

మా ఊరు అద్దంకి దాటి లోపలికి వెళితే వస్తుంది. చర్చికి ఒక పక్క పత్తి, ఇంకో పక్క మిరప. ఆమెకు బాప్తిస్మం పేరు ఒకటుంది కానీ ఆ పేరుతో పిలిచినవాళ్లు నాకు గుర్తులేరు. మా పేటలోనూ, రైతుల వీధిలోనూ ఆమె ప్రార్థనమ్మే. ఇల్లిల్లూ తిరిగి ప్రార్థన చేయడం చర్చి ఆమెకు అప్పగించిన పని. ఎవరికైనా దయ్యం పట్టిందంటే మాత్రం చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూడా కబురు వచ్చేది. వాళ్లు ఏ దేవుడికి మొక్కేవాళ్లో ఆమె అడిగేది కాదు.

కబురు వస్తే ఆమె నా బడి ముందు వేపచెట్టు కింద నిలబడి, సాయంత్రం గంట కొట్టేదాకా ఎదురుచూసేది. నేను హైస్కూల్లో మాస్టర్ని, నాకు మోటారు సైకిలు ఉంది. మా అమ్మకు స్నేహితురాలు కనుక నేను పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. ఆమె నన్ను మాస్టరూ అనేది గానీ ఆ పిలుపులో గౌరవం ఏమీ ఉండేది కాదు. "ఒరేయ్ మాస్టరూ, బండిలో పెట్రోలుందా?" అని అడిగిందంటే ఎక్కడో ఒక పిల్ల పళ్లు కొరుకుతూ పడి ఉందని అర్థం. తెల్లచీర కొంగు బిగించి, రబ్బరు చెప్పులు ఒక చేత్తో పట్టుకుని వెనక కూర్చునేది. చెప్పులు కాళ్లకుంటే జారిపోతాయని భయం. దారి పొడవునా నా నడిపే తీరును విమర్శించేది.

ఆమె ప్రార్థన వినని వాళ్లకు దాన్ని వివరించడం కష్టం. బస్సు ఆపకుండా పోయిన కండక్టరును మర్నాడు పట్టుకున్నట్టు దేవుణ్ణి పట్టుకునేది. "ప్రభువా, ఈ పిల్ల సంగతి నీకు నిన్న గూడా చెప్పా. విన్నావో లేదో తెలవదు. మళ్లీ చెబుతున్నా, ఈసారన్నా గుర్తుపెట్టుకో." కళ్లు మూసుకునేది కాదు. ఎందుకు మూసుకోవని అడిగితే, దయ్యం ఉన్న గదిలో కళ్లు మూసుకునేవాడికి బుద్ధి లేదని చెప్పింది.

ఆమెకు పొడుం అలవాటు. కొంగు ముడిలో చిన్న డబ్బా ఉండేది. పనిలోకి దిగే ముందు ఒక చిటికె ముక్కులో వేసుకునేది, కాసేపటికి గది అదిరేలా తుమ్మేది. ఆ తుమ్ముకు దయ్యం దిగిపోతుందని పక్క ఊళ్లలో నమ్మకం ఏర్పడింది. ఆమె ప్రార్థన చేస్తుంటే బయట జనం తుమ్ము కోసం చెవులు రిక్కించి నిలబడేవారు. నాకు నవ్వొచ్చేది. ఆమెకు కోపం వచ్చేది. అయినా పొడుం మానలేదు, వాళ్ల నమ్మకాన్నీ పాడుచేయలేదు.

కూడికలో ఆమె మంచితనం గురించి చాలా చెప్పారు కనుక మిగిలింది నేను చెబుతాను. ప్రసంగం మొదలైతే ఆమె నిద్రపోయేది. ఉపవాసమని చెప్పి మా ఇంట్లో కాఫీ తాగేది, కాఫీ నీళ్లలో లెక్క అనేది. పక్కింటావిడతో మురుగు కాలవ దగ్గర తగాదా వచ్చి ఏళ్ల తరబడి మాట్లాడలేదు. ఆ పక్కింటావిడకు జబ్బు చేస్తే గోడకు ఇవతల నిలబడి, మొహం చూడకుండా, అవతలికి వినబడేంత గట్టిగా రోజూ ప్రార్థన చేసింది. ఆవిడ కోలుకున్నాక కూడా మాటల్లేవు.

ఒకసారి మిరప కోతలప్పుడు కర్నూలు వైపు నుంచి వచ్చిన కూలీల ముఠాలో ఒక పిల్లకు దయ్యం పట్టిందని ఒక రైతు కబురు పంపాడు. పెళ్లయి ఏడాది కూడా కాని పిల్ల, పేరు ఈరమ్మ. మేము వెళ్లేసరికి కళ్లం దగ్గర వేసుకున్న పట్టాల గుడిసెలో ఆమెను గుంజకు కట్టేశారు. ముందు నిప్పుల కుంపటి, దాని మీద గుప్పెడు ఎండు మిరపకాయలు. మా వైపు చాలామందికి తెలిసిన వైద్యం ఇదే. పొగ పెడితే దయ్యం ఉండలేక పోతుందంటారు. ఉండలేనిది మనిషి. గుడిసె బయట ఉన్న నాకే ఊపిరి ఆడలేదు.

ప్రార్థనమ్మ లోపలికి వెళ్లి కుంపటిని కాలితో తన్నింది. రబ్బరు చెప్పు అంచు కాలింది. దగ్గుతూనే బయటికొచ్చి, అక్కడ నిలబడ్డ మొగుణ్ణీ, ముఠా మేస్త్రీనీ, పొలం యజమానినీ వరసగా తిట్టింది. తిట్లు అయ్యాక కట్లు విప్పించి, అందర్నీ కళ్లం అవతలికి పంపింది. నేను గుడిసె పక్కన బండి దగ్గర ఉండిపోయాను కనుక లోపలి మాటలు వినబడ్డాయి. దేవుడి మాట ముందు రాలేదు. పొద్దున ఏం తిన్నావని అడిగింది. నిద్రపోయి ఎన్నాళ్లయిందని అడిగింది. పొడుం పీల్చి తుమ్మింది. తరువాత చాలాసేపు ఒకటే మాట, ఈరమ్మా, ఈరమ్మా, అని. దూరంగా పోయిన మనిషిని పొలం గట్టు మీద నుంచి పిలిచినట్టు పిలిచింది. పొద్దు వాలేసరికి ఆ పిల్ల ఆమె ఒళ్లో తల పెట్టుకుని నిద్రపోయింది. లేచాక ఆ పిల్లను కూడా బండి మీద ఎక్కించుకుని ఆస్పత్రికి వెళ్లాం. అది ఆమె పద్ధతి. ప్రార్థన అయ్యాక ఎవరినైనా సరే డాక్టరు దగ్గరికి పంపేది, లేదా నా బండి మీద తనే తీసుకెళ్లేది.

ఆస్పత్రి మెట్ల మీద కూర్చున్నప్పుడు నేను అడిగాను, నిజంగా దయ్యాలున్నాయా పెద్దమ్మా అని. "లేకపోతే ఇంత ఎండలో నేనెందుకు తిరుగుతాన్రా?" అంది. అంతకన్నా వివరంగా ఎప్పుడూ చెప్పలేదు.

అలాంటి మనిషికి దయ్యాల సినిమాలంటే ప్రాణం. ఆదివారం మధ్యాహ్నాలు మా ఇంటికొచ్చి టీవీ ముందు పీట వేసుకుని కూర్చునేది. కళ్లలో శుక్లాలు ముదిరిపోయి బొమ్మ మసకగా ఆనేది. తలుపు కిర్రుమన్నప్పుడల్లా ఎవరొచ్చారని మా ఆవిడను అడిగేది. మా ఆవిడ చెప్పేది. భయపడటానికి చూసేది కాదు. ఒక మేస్త్రీ ఇంకో మేస్త్రీ కట్టిన గోడను తట్టి చూసినట్టు చూసేది. చాలా సినిమాలను ఆమె పాస్ చేయలేదు.

మా సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. సినిమా హాలు గడప తొక్కకూడదు. అదే సినిమా ఇంట్లో టీవీలో చూస్తే ఎవరూ అడగరు. పాతకాలంలో హాలు అంటే తాగుడూ తగాదాలూ ఉండేవి కనుక పెట్టిన నియమం. టీవీ వచ్చాక దాన్ని ఎవరూ తిరిగి చూడలేదు. పెద్దలు కూడా భోజనాలయ్యాక ఇళ్లలో సినిమాలు చూస్తారు, ఆదివారం హాలు గురించి హెచ్చరిస్తారు. నేనూ అలాగే ఉండేవాణ్ణి.

గుంటూరులో ఆమెకు కంటి ఆపరేషన్ చేయించింది మా చర్చి ఆడవాళ్ల సమాజం. రెండో కన్ను కూడా అయ్యాక చివరి పరీక్షకు నేను తీసుకెళ్లాను. డాక్టరు బాగుందన్నాడు. బయటికొచ్చి నల్లకళ్లద్దాలు తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీసి, ఆటోల మీద రాతలన్నీ చదవడం మొదలుపెట్టింది. ఆమెకు చదువు బైబిలు మీద వచ్చింది, కనుక ఆటో వెనక రాసినదాన్ని కూడా వాక్యం చదివినట్టే చదివేది. బస్టాండుకు నడుస్తుంటే ఒక హాలు ముందు ఆగింది. పోస్టరు మీద నల్లకోటు వేసుకున్న గడ్డపాయన, చేతిలో సిలువ, వెనక గోడ మీద పాకుతున్న ఆడపిల్ల. ఆమె అడగలేదు. పోస్టరు మీద ఉన్న ప్రతి అక్షరం, కింద చిన్నగా ఉన్న ప్రెస్సు పేరు దాకా, పైకి చదివింది. చదివి అక్కడే నిలబడింది.

"పోదామా పెద్దమ్మా?" అన్నాను.

"నువ్వు పెద్దల్లో ఉన్నావు గదరా."

"గుంటూరులో మనల్ని ఎవరు చూస్తారు?"

"ఇన్నాళ్లూ దయ్యాల్ని వినడమే అయింది," అని చెప్పులు సర్దుకుంది.

అది ఏదో భాషలోంచి తెలుగులోకి దింపిన సినిమా. నల్లకోటాయన ఒకప్పుడు చర్చిలో గురువు. తాగుడు వల్ల చర్చి బయటికి పంపింది, పెళ్లాం వదిలేసింది. ఇప్పుడు ఫోనులో బేరాలు ఒప్పుకుని నగరంలో అపార్టుమెంట్లకు వెళ్లి దయ్యాలు వదిలిస్తుంటాడు. చాలాసార్లు దయ్యమే లేదని తెలిసినా పని చేసినట్టు నటించి వచ్చేస్తాడు. ఒక ఇంట్లో మాత్రం నిజంగా ఉంది. తల్లి లేని పిల్ల, తండ్రికి నమ్మకం లేదు. మొదటి గంటలో దయ్యాన్ని చూపించలేదు. లిఫ్టు తలుపు మూసుకుంటూ మళ్లీ తెరుచుకోవడం, వంటింట్లో కొళాయి కట్టేసినా నీళ్ల చప్పుడు ఆగకపోవడం, అంతే. కాలేజీ రోజుల తరువాత హాల్లో కూర్చోవడం నాకు అదే మొదటిసారి. ఆ చీకట్లో, ఆ శబ్దంలో, ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేకుండా భయపడటం ఎంత హాయిగా ఉందో చెప్పలేను. కొళాయి చప్పుడు ఆగిన చోట నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. ఆమె సమోసా తింటోంది.

దొంగచాటుగా చూడటం ఆమెకు చేతకాలేదు. మొదట గుసగుసగానే చెప్పింది. ఆ గడ్డపాయన పనిలోకి దిగే ముందు కోటు జేబులోంచి సీసా తీసి ఒక గుక్క తాగగానే పొడుం డబ్బా తీసి, "వీడు మనోడేరా," అంది. పిల్ల గోడ మీద పాకినప్పుడు హాలంతా కేక పెడితే, "ఒంటి మీద చెమట ఏదిరా? నిజంగా వస్తే చీర పిండుకోవాల," అని పెదవి విరిచింది. ఆయన దయ్యం మీద గొంతు చించుకుని అరుస్తుంటే, అది చెవిటిది కాదు గదా, ఎందుకట్టా అరుస్తాడని పైకే అడిగింది. ముందు వరసలో కాలేజీ పిల్లలు వెనక్కి తిరిగి చూశారు. ఊరుకోమంటారనుకున్నాను. ఒకమ్మాయి వెనక్కి వంగి, "అవ్వా, ఇప్పుడేం చేయాలి మరి?" అని అడిగింది.

"ముందు దానికి అన్నం పెట్టమను," అంది ఆమె.

అక్కడి నుంచి ఆ వరసంతా ఒక చెవి సినిమాకు, ఒక చెవి ఆమెకు అప్పగించింది. విశ్రాంతిలో ఆ పిల్లలే ఆమెకు టీ తెచ్చి ఇచ్చారు. నేను సీట్లో ఒదిగి కూర్చున్నాను. కానీ ఈ మాట కూడా చెప్పాలి, ఒదిగి కూర్చుంటూనే నాకు గర్వంగా ఉంది. ఆ హాల్లో ఆ పని తెలిసిన మనిషి ఒక్కతే, ఆమె నాతో వచ్చింది.

చివర్లో ఒక ఘట్టం ఉంది. పిల్ల మంచం గాల్లోకి లేచింది. ఆయన ప్రార్థన చదువుతున్నాడు. చదువుతూ మధ్యలో మరిచిపోయాడు. ఏళ్ల తరబడి తాగి తాగి కంఠతా వచ్చిన ప్రార్థన పోగొట్టుకున్నాడు. ఫోను తీసి వెతకబోతే చార్జింగు అయిపోయింది. దయ్యం నవ్వింది. నీ దేవుడూ నిన్ను మరిచాడు అంది. ఆయన పారిపోవచ్చు, తలుపు తెరిచే ఉంది. పోలేదు. మంచం కోడు పట్టుకుని, ప్రార్థన రాక, ఆ పిల్ల పేరు పిలవడం మొదలుపెట్టాడు. అదొక్కటే మళ్లీ మళ్లీ.

నేను పక్కకు తిరిగి చూశాను. ఆమె నల్లకళ్లద్దాలు తీసేసి, ముందుకు వంగి ఉంది. మంచం కిందికి దిగి పిల్ల కళ్లు తెరవగానే, రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని ఈల వేసింది. చిన్నప్పుడు జొన్నచేలో పిట్టల్ని తోలిన ఈల అది. హాలు దద్దరిల్లింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. తరువాత అందరూ కొట్టారు.

అద్దంకి బస్సెక్కాం. చిలకలూరిపేట దాటాక, "నేనూ మరిచిపోతాన్రా," అంది. "వాక్యం నోటికి రాదు ఒక్కోసారి. అప్పుడు పేరు పిలుస్తా. దయ్యానికి పేర్లు చాలా ఉంటయ్, పిల్లకు ఒకటే ఉండిద్ది. అది పిలిస్తే పలికిద్ది." ఈ సంగతి ఆ సినిమా తీసినోడికి ఎవరు చెప్పారో అని ఆశ్చర్యపోయింది. ఆ తరువాత పక్క సీటులో మిర్చియార్డు నుంచి వస్తున్న రైతుకు కథంతా మొదట్నుంచీ చెప్పింది.

ఆ ముందు వరస పిల్లల్లో ఎవరో ఈలను ఫోనులో తీశారు. చెడుద్దేశంతో కాదు, ముచ్చటపడి తీశారు. వారం తిరగకుండా అది మా ఊరి ఫోన్లలోకి వచ్చింది. అందులో తెల్లచీర, నోట్లో వేళ్లు, వెలిగిపోతున్న మొహం స్పష్టంగా కనబడుతున్నాయి. నేను కనబడలేదు.

పెద్దల కూడికకు పిలిచారు. సంఘ పెద్ద చెడ్డవాడు కాదు, ఆమె చేతుల మీద పెరిగినవాడే. మిగతావాళ్లు పోతే పిలిచి మందలించేవాణ్ణి, దయ్యాలతో పోరాడే మనిషే డబ్బిచ్చి వాటిని చూడబోతే రేపు కుర్రాళ్లను ఏ మొహంతో ఆపాలి, అని అడిగాడు. ఆయన గొంతులో బాధ ఉంది. ఆమె నిలబడే ఉంది. సినిమాకు వెళ్లానని చెప్పింది. ఈల వేశానని కూడా చెప్పింది. అప్పుడే అడిగారు, వెంట ఎవరొచ్చారని. ఆమె నా వైపు చూడలేదు. పొరపాటున కూడా చూడలేదు. "కళ్లు తెచ్చుకోడానికి పోయా. ఆ కళ్లతోనే చూశా," అంది.

ఆ నెలలో నన్ను సంఘ కార్యదర్శిని చేస్తారన్న మాట నడుస్తోంది. మా నాన్న ఆ పదవిలో ఉండి పోయాడు. నేను నోరు తెరవకపోవడానికి అంతకుమించి కారణం లేదు. ఇంకేదైనా ఉందని చాలాకాలం వెతికాను.

తప్పని సంఘం ముందు ఒప్పుకుంటే మాట అక్కడితో పోతుందన్నారు. ఆమె ఆలోచించి చెప్పింది. "ఈల వేయడం తప్పే, ముసల్దానికి తగదు, ఒప్పుకుంటా. సినిమా తప్పని మాత్రం అనలేను. ఆయన తాగుబోతోడే. కానీ తలుపు తెరిచున్నా ఆ పిల్లను ఇడిచి పోలా. అది చూసి తప్పని ఎట్టా చెప్పేది?"

ఒప్పుకునేదాకా ఆమెను ప్రభువు బల్ల నుంచి ఆపారు. మా సంఘంలో అంతకన్నా పెద్ద శిక్ష లేదు. ప్రతి నెలా మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షారసం పంచే వేళకు ఆపబడ్డ మనిషి గుమ్మం దగ్గర బెంచీ మీద కూర్చోవాలి. పళ్లెం అక్కడిదాకా వచ్చి, ఆమెను దాటి వెనక్కి తిరుగుతుంది. సంఘం తరఫున ఎవరింట్లోనూ ప్రార్థన చేయకూడదు. ఆమె రెండింటికీ లోబడింది. కబుర్లు వస్తే పెద్దలనడగమనేది. వేపచెట్టు కిందికి రావడం మానేసింది.

నన్ను కార్యదర్శిని చేశారు. పళ్లెం పట్టుకుని వరసల వెంట తిరగడం నా పనుల్లో ఒకటి. గుమ్మం దగ్గర ఆమెను దాటి తిరిగి వచ్చేది నేనే. ఆ క్షణంలో ఆమె బయట ఎండబెట్టిన మిరపకాయల వైపు చూసేది, నాకు ఇబ్బంది లేకుండా. చర్చి అయ్యాక మెట్ల మీద ఎప్పట్లాగే పలకరించేది. ఏమీ జరగనట్టు పిల్లల చదువులడిగేది. ఒక్క మాట అంటే బాగుండునని ఉండేది. ఒంటరిగా ఉన్నప్పుడు ఒకసారి నేనే ఆ సంగతి ఎత్తబోయాను. వద్దురా, ఇద్దరం కూచుంటే అక్కడ చోటు చాలదు, అని నవ్వి వెళ్లిపోయింది. ఆమె నవ్వును అడ్డం పెట్టుకుని ఇంకొంతకాలం గడిపాను.

మళ్లీ కోతలొచ్చాయి. మా బళ్లో తొమ్మిదో తరగతి చదివే ఒక పిల్ల క్లాసులో పడిపోవడం మొదలుపెట్టింది. ఆస్పత్రికి తీసుకెళ్లమని తండ్రికి చెప్పాను. ఆయన మిరప రైతు, మా మతం కాదు. ఒకసారి తీసుకెళ్లాడు, మందులిచ్చారు. రెండు రోజులకే మానేయించారని తరువాత తెలిసింది. ఇంట్లో ఆడవాళ్లు చనిపోయిన మేనత్త పట్టిందని తేల్చారు.

మొదటి ఆదివారం. రొట్టె మీద గుడ్డ తీసే వేళకు ఆ తండ్రి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చెప్పులు బయట విప్పి, తలగుడ్డ చేతిలో పట్టుకుని ఉన్నాడు. సంఘ పెద్ద ఆయన దగ్గరికి వెళ్లి ఏమిటని అడిగాడు. ప్రార్థనమ్మను పంపండయ్యా అన్నాడు ఆ తండ్రి. ఆమె పని ఆపించామనీ, వేరే ఊరి చర్చికి వెళ్లిన గురువుగారు సాయంత్రం వస్తారనీ పెద్దాయన చెప్పాడు. "సాయంత్రం దాకా మావాళ్లు ఆగరండి. పొగ పెట్టేవాణ్ణి పిలిపించారు. ఇంట్లో కుంపటి రాజేస్తున్నారు. నా మాట వినటం లేదు, ఈమె చెబితే వింటారని వచ్చా," అన్నాడు.

ఆమె ఆయన పక్కనే, గుమ్మం దగ్గర బెంచీ మీద ఉంది. పొగ అన్న మాట వినగానే సగం లేచింది. లేచి పెద్దల వైపు చూసింది. పెద్దాయన కూర్చోమన్నట్టు చెయ్యి చూపాడు. ఆమె మళ్లీ కూర్చుంది. నా జీవితంలో నేను చూసిన అన్ని దృశ్యాల్లోకీ నాకు సిగ్గు తెచ్చింది అదే. కుంపటిని కాలితో తన్నిన మనిషి, మేము కూర్చోమన్నామని కూర్చుంది.

ఆ తరువాత జరిగింది ముందే చెప్పేస్తాను. ఆమె వెళ్లింది, నా బండి మీదే వెళ్లింది. నిప్పుల మీద నీళ్లు పోయించి, గదిలో ఆ పిల్లతో మధ్యాహ్నం దాకా కూర్చుంది. మందులు మళ్లీ మొదలుపెట్టించి, ఏడాది పొడవునా వారానికోసారి వెళ్లి సీసా తెరిచి మాత్రలు చూసి వచ్చేది. ఆ పిల్ల ఇప్పుడు గుంటూరులో ఇంటర్ చదువుతోంది, భూస్థాపనకు వచ్చి అందరికన్నా ఎక్కువ ఏడ్చింది. పెద్దలు ప్రార్థనమ్మ మీద ఆంక్ష ఎత్తేశారు, ఒప్పుకోలు అడగలేదు. నన్ను పదవి నుంచి తీసి మూడు నెలలు బల్ల నుంచి ఆపారు. న్యాయమే. ముందు వరసకు రమ్మంటే ఆమె రాలేదు. వాడి గడువు అయ్యేదాకా నేనూ ఇక్కడే అంది. ఆ మూడు మొదటి ఆదివారాలూ గుమ్మం దగ్గర మేమిద్దరం పక్కపక్కన కూర్చున్నాం. పళ్లెం వచ్చి మా ఇద్దర్నీ దాటి వెళ్లింది. నేను ఏ చర్చిలోనూ అంత మంచి చోట కూర్చోలేదు.

ఇక ఆ ఉదయం సంగతి. ఆమె కూర్చోగానే నేను చేతిలో పళ్లెం బల్ల మీద పెట్టి, గుమ్మం దాకా నడిచాను. సంఘం వైపు తిరిగి, ఈమెను సినిమాకు తీసుకెళ్లింది నేనని చెప్పాను. ఈమె అడగలేదనీ, పదమన్నది నేననీ, ఎవరూ చూడరన్నదీ నేనేననీ చెప్పాను. వెంట ఎవరొచ్చారని అడిగిన రోజు పెద్దల్లో కూర్చుని విన్నాననీ, పదవి పోతుందని ఊరుకున్నాననీ చెప్పాను. తరువాత ఆమె వైపు తిరిగాను. ఆమె తలెత్తి చూస్తోంది, ఆ కొత్త కళ్లతో.

"పెద్దమ్మా, సినిమాకు తీసుకుపోయినందుకు నేను క్షమాపణ అడగను. అది మంచి సినిమా. నీ పక్కన కూర్చుని చూశానని ఎవరడిగినా చెబుతా. కానీ ఆ రోజు నువ్వు నా పేరు దాచి ఒక్కదానివే నిలబడితే, నేను చూస్తూ కూర్చున్నా. ఇన్ని నెలలూ ఈ పళ్లెం పట్టుకుని నిన్ను దాటి పోయా. అందుకు నన్ను క్షమించు."